దులుపుకుని రండి

మా బావ కథ ఎవరైనా చెప్పాలంటే నేనే చెప్పాలి. మిగతావాళ్ళకి ఆయన మీద జాలి ఉంది గానీ కోపం లేదు. నాకు రెండూ ఉన్నాయి. ఆ కోపంలో సగం నా మీదే.

ఇద్దరం ముప్ఫై ఏళ్ళు ఒకే కార్ల షెడ్డులో పనిచేశాం. నేను ముందు గదిలో స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గర, ఆయన వెనక నీళ్ళ ర్యాంపు దగ్గర. మధ్యలో గ్రీజు మరకలు పట్టిన అద్దం ఒకటి ఉండేది. ఎప్పుడు తల తిప్పి చూసినా అందులోంచి మా బావ వీపే కనిపించేది, చక్రం ముందు చిన్న స్టూలు మీద వంగి కూర్చుని.

ఆయన పని చక్రాలు కడగడం. కారు ఒళ్ళు కడగడానికి వేరే ఇద్దరుండేవారు. వాళ్ళు నురగ కొట్టి, పాటలు పాడుకుంటూ పావుగంటలో తేల్చేసేవారు. చక్రం మాత్రం మా బావదే. అదేమంత పెద్ద విద్య అని మీరు పెదవి విరవచ్చు. మొదట్లో నేనూ విరిచాను. బ్రేకు తొక్కిన ప్రతిసారీ లోపల ప్యాడ్లు అరిగి నల్లటి పొడి రాలుతుంది. పిండి కన్నా సన్నం. అది పోయి రిమ్ముకి అంటుకుంటుంది. నాలుగు వారాలు వదిలేస్తే గిన్నెకి అడుగంటినట్టు పట్టేస్తుంది. తొందరపడి గీకితే రిమ్ము మీద గీతలు పడతాయి, ఘాటు మందు పోస్తే మెరుపే పోతుంది. ఇవన్నీ మా బావ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నాలుగైదు రిమ్ములు పాడుచేసి, తిట్లు తిని నేర్చుకున్నాడు.

కారు వచ్చి ఆగగానే చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక వైపు రిమ్ము దగ్గర పెట్టి చూసేవాడు. వేడి తగిలితే "చల్లారనీ" అని స్టూలు మీద కూర్చునేవాడు. వేడి మీద చన్నీళ్ళు కొడితే బ్రేకు డిస్కు వంకరపోవచ్చు, మందు వేస్తే అక్కడే ఇగిరిపోయి మచ్చ కడుతుంది. కారు గలాయన వాచీ చూసుకున్నా, ఓనరు గదిలోంచి కేకలేసినా ఆయన లేచేవాడు కాదు. చివరికి షెడ్డులో ఆయన పేరే చల్లారనీ అయిపోయింది. మా అక్క కూడా వదల్లేదు. పెళ్ళయిన కొత్తలో తనకి కోపం వస్తే ఆయన వాకిట్లో కూర్చుని, తను చల్లారాకే లోపలికి వచ్చేవాడని నాతో చెప్పి పడీపడీ నవ్వింది.

చల్లారాక ముందు నీళ్ళు. జోరుగా కాదు, పైనుంచి మెల్లగా, పొడంతా నాని నీళ్ళతోపాటు కిందికి జారేలా. ఆ తరవాతే మందు, ఆ తరవాతే మెత్తటి బ్రష్షు. అదీ ఒక్కో చక్రానికి విడివిడిగా, మందు ఆరకముందే కడిగేస్తూ. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. చక్రాలకి వేరే బకెట్టు, వేరే గుడ్డ. ఆ గుడ్డకి ఎర్రదారం కుట్టి ఉంచేవాడు, ఎవడైనా పొరపాటున దాంతో కారు ఒళ్ళు తుడిస్తే అందులో ఇరుక్కున్న ఇనపరజను రంగునంతా గీరేస్తుందని. ఒకసారి సూపర్‌వైజరు అని కొత్తగా వచ్చినవాడు, ఇంత నీళ్ళ గోల ఎందుకు, కంప్రెసర్ గాలి పెట్టి ఊదేస్తే క్షణంలో పోతుంది కదా అన్నాడు. మా బావ ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచాడు.

"ఊదితే ఎక్కడికి పోద్దండీ? మీ ముక్కులోకీ నా ముక్కులోకీ పోద్ది. పొడిని పొడిగా ముట్టుకోకూడదు."

ఇది గుర్తు పెట్టుకోండి. ఆ మాట అన్నది మా బావే.

ఇక నా సంగతి. వాళ్ళకి పాప పుట్టిన ఏడు, మా అక్క ఇల్లు అద్దంలా పెట్టుకునేది. రెండు గదుల ఇల్లు, అందులో ఒక మంచం, మంచం మీద తెల్ల దుప్పటి. ఒక సాయంత్రం మా బావ పనినుంచి వచ్చి, తిన్నగా వెళ్ళి పాపని ఎత్తుకున్నాడు. దించేసరికి పాప బుగ్గ మీద, గౌను మీద, దుప్పటి మీద నల్లటి మరకలు. పగలంతా నల్లనీళ్ళు చింది తడిసిన బట్టలు సాయంత్రానికి ఆరిపోయాయి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. మా అక్క పాపని లాక్కుని ఆయన్ని వాకిట్లోకి పంపింది.

"దులుపుకుని రండి. ఆ షెడ్డంతా ఇంటికి మోసుకొస్తారేం?"

కసిరినట్టు కూడా కాదు, వేళాకోళంగానే అంది. నేను అక్కడే కూర్చుని టీ తాగుతూ నవ్వాను. మా బావ గుమ్మం బయట నిలబడి, తప్పు చేసిన వాడిలా చొక్కా దులుపుకుంటూ ఉండిపోయాడు. మర్నాడు సాయంత్రం షెడ్డు కట్టేసే వేళకి నేనే ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళి, టైర్లకి గాలి పెట్టే గొట్టం చేతికిచ్చాను. ఇంటికెళ్ళి చివాట్లు తినడం దేనికి బావా, ఇక్కడే ఊదేసుకుని వెళ్ళు, బట్టలు కొత్తవాటిలా అవుతాయి అన్నాను. ఏదో గొప్ప ఉపకారం చేసినట్టు చెప్పాను.

అయ్యాయి కూడా. కాలరు కింద, చంకల కింద, జేబుల్లో, ప్యాంటు మడతల్లో గొట్టం పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఐదు నిమిషాలు తిరిగేవాడు. చుట్టూ బూడిదరంగు పొగలా లేచేది. అది అణిగాక ఓ రెండు తుమ్ములు తుమ్మి, తల దువ్వుకుని ఇంటికి బయల్దేరేవాడు. ఆ రోజు నుంచి మా అక్క దుప్పటి మీద ఒక్క మరక పడలేదు. చక్రం మీది పొడిని పొడిగా ముట్టుకోని మనిషి తన చొక్కా మీది పొడిని రోజూ ఊదుకున్నాడు. రెండూ ఒకే పొడి అని ఆయనకి తట్టలేదు. చక్రం మీద ఉన్నది ఆయనకి పని సంగతి, చొక్కా మీద ఉన్నది ఇంటి సంగతి. నాకూ తట్టలేదు, నేనేదో తెలివైనవాణ్ణని చెప్పుకోను.

ఇది చూసి ఓనరుకి ముచ్చటేసింది. పనివాళ్ళు మురికి బట్టలతో గిరాకీల కార్లలో సీట్ల మీద కూర్చుంటున్నారని ఎప్పుడూ సణిగేవాడు. ఆ గొట్టం పక్కన ఒక బోర్డు రాయించాడు, "వెళ్ళేముందు దుమ్ము దులుపుకోండి" అని. ఆ తరవాత మా బావ చక్రం కడుగుతుంటే ఫోటో తీయించి, కడిగే పద్ధతంతా కింద వరసగా అచ్చు వేయించి, పెద్ద పోస్టరు చేసి ముందు గదిలో తగిలించాడు. మా చక్రాలు చూసే చేతులివి అని పైన రాసి ఉంటుంది. మా బావకి కూడా ఒక కాపీ ఇచ్చాడు. మా అక్క దాన్ని మంచం ఎదురుగా గోడకి పెట్టుకుంది.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరం చెప్పలేం. ముందు చలికి అన్నాం, తరవాత వయసు అన్నాం. స్టూలు మీంచి లేవడానికి చక్రం పట్టుకోవడం, మాట మధ్యలో ఆగడం, ఇంటికి వచ్చే దారిలో రెండు చోట్ల నిలబడడం ఒకదాని తరవాత ఒకటి వచ్చి చేరాయి. రాత్రి పడుకుంటే ఆయన ఊపిరి చప్పుడుకి తనకి నిద్ర పట్టడం లేదని, చప్పుడు ఆగితే అసలే పట్టడం లేదని మా అక్క నాతో అంది. అప్పుడు తీసుకెళ్ళాం ఆసుపత్రికి.

డాక్టరమ్మ ఛాతీ ఫోటోలు వెలుగులో పెట్టి చూసి, ఏ పని చేస్తారని అడిగింది. మా అక్క అప్పుడు కింద మందుల వరసలో నిలబడి ఉంది. లోపల నేనూ బావా మాత్రమే. చెప్పాడు. ఊపిరి అందకపోయినా, ఆగి ఆగి, వేళ్ళ వెనక వైపు పెట్టి వేడి చూడడం దగ్గర్నుంచి ఎర్రదారం దాకా అంతా వివరంగా చెప్పాడు. ఆవిడ మంచిది, చివరిదాకా విన్నది. ఇంత తడిగా చేస్తే ఇంత పొడి లోపలికి ఎలా వెళ్ళిందో అర్థం కావడం లేదంది. ఆ బట్టల్తోనే ఇంటికి వెళ్తారా అని అడిగింది.

"లేదమ్మా, ఇంటికి రవ్వంత కూడా తీసుకెళ్ళను" అన్నాడు మా బావ. గర్వంగానే అన్నాడు. "గాలిగొట్టం పెట్టి శుభ్రంగా ఊదుకుని వెళ్తాను."

ఆవిడ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే ఇరవై ఆరేళ్ళన్నాడు. రోజూనా అంటే ఆదివారం సెలవన్నాడు.

తరవాత ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఊపిరితిత్తులు చాలా మటుకు గట్టిపడిపోయాయి. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి. దానికి కార్మికుల ఆసుపత్రిలో చేరాలి, అక్కడ యంత్రాలున్నాయి, ఎంతకాలమైనా చూస్తారు. కానీ జబ్బు పని వల్లే వచ్చిందని షెడ్డువాళ్ళు కాగితం ఇవ్వాలి. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ మా బావ ఆవిడ మొహం చూడలేదు, తలుపు వంక చూస్తున్నాడు, మా అక్క వస్తుందేమోనని.

మెట్లు దిగుతూ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"గొట్టం సంగతి మీ అక్కకి చెప్పకురా. దులుపుకుని రమ్మంది తనే కదా. అది తెలిస్తే ఇంక తిండి తింటుందా ఆ మనిషి?"

సరే అన్నాను. అప్పటికి అదేదో చిన్న మాటలా అనిపించింది.

కాగితం కోసం వెళ్తే ఓనరు మర్యాదగా కుర్చీ వేశాడు. మూడు రోజుల తరవాత ఆయన రాసి పంపింది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. మా సంస్థలో చక్రాలు పూర్తిగా తడి పద్ధతిలోనే కడుగుతారు, పొడి రేగే అవకాశమే లేదు, సదరు కార్మికుడే ఇందులో అందరికీ ఆదర్శం, ఇందుకు రుజువుగా పోస్టరు ఫోటో జతపరుస్తున్నాం. మా బావ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పనినే ఆయన మీదికి సాక్ష్యంగా తెచ్చాడు. గొట్టం గురించి, బోర్డు గురించి ఒక్క అక్షరం లేదు. అలా చేతులు దులిపేసుకున్నాడు.

మా అక్క ఊరుకోలేదు. నేరుగా షెడ్డుకి వెళ్ళి ఓనరుని నిలదీసింది. పొడి లేకపోతే ఆయన గుండెల్లోకి ఎక్కడినుంచి వచ్చిందని అడిగింది. మీ ఇంట్లో గోడకి ఉంది కదమ్మా, చదువుకోండి అన్నాడట. ఇంటికి వచ్చి ఆ పోస్టరు ముందు నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివింది. ఒకసారి కాదు, చాలాసార్లు. నీళ్ళతో పనిచేసే మనిషికి పొడి ఎక్కడినుంచి వచ్చిందిరా అని నన్ను అడిగేది, బావని అడిగేది, పక్కింటివాళ్ళని అడిగేది. మేమిద్దరం మొహాలు తిప్పుకునేవాళ్ళం.

ఓనరు కాగితానికి జవాబు రాయడానికి కార్మికుల ఆసుపత్రివాళ్ళు నెల రోజులు గడువిచ్చారు. ఏం రాయాలో నాకు తెలుసు. రోజూ సాయంత్రం ఓనరు బోర్డు కింద నిలబడి ఇలా ఊదుకున్నాను, ఇరవై ఆరేళ్ళు, అని రాసి మా బావ సంతకం పెడితే చాలు. నేనే రాసి తీసుకెళ్ళాను. కానీ ఆ ఇంటికి వచ్చే ప్రతి కాగితమూ చదివేది మా అక్క. ఆయన చదువు అంతంత మాత్రం. రేపు వాళ్ళు విచారణకి వచ్చినా, తిరిగి ఉత్తరం రాసినా అది ఆవిడ చేతుల్లోనే పడుతుంది. మా బావ కాగితం మడిచి నా జేబులోనే పెట్టేశాడు. నేను ఒంటికాలి మీద లేచాను. నీకేమైనా మతి పోయిందా, ఊపిరి ఆడక చస్తుంటే ఆవిడ బాధపడుతుందని కూర్చుంటావా అని నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆయన నేను చల్లారే దాకా ఆగాడు.

"నేను ఎన్నాళ్ళుంటాన్రా? పిల్ల అత్తారింటికి పోయింది, ఆ తరవాత ఈ ఇంట్లో ఒక్కతే ఉండాలి తను. ఆ మాట తోడు పెట్టి పోనా?"

గడువు దాటిపోయింది. ఆ కాగితం నా కౌంటర్ సొరుగులో బోల్టుల డబ్బాల కింద ఉండిపోయింది. ఆయన్ని కాదని నేనే పంపి ఉండాల్సింది. పంపలేదు. ఆయన మాట మీద గౌరవం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, గొట్టం ఎవరు చేతికిచ్చారని అక్క అడుగుతుందన్న భయం కూడా అందులో ఉంది.

మా బావ పని మానేసిన రెండు నెలలకి ఆయన సామాను తెచ్చుకుంటానని మా అక్క షెడ్డుకి వచ్చింది. సామానంటే ఏముంది, స్టూలు, బకెట్టు, బ్రష్షులు, ఎర్రదారం గుడ్డ. నేను తెస్తానన్నా వినలేదు. ఆయన ఇన్నేళ్ళు కూర్చున్న చోటు ఒకసారి చూడాలంది. సాయంత్రం షెడ్డు కట్టేసే వేళ. వెనక్కి తీసుకెళ్ళాను. సామాను గోడ పక్కన ఉంది, ఆ గోడకే గొట్టం ఉంది. నా బుర్రకి అది ఆ క్షణం దాకా తట్టలేదు.

ఆయన చోట్లో చేరినావిడ అక్కడ నిలబడి ఊదుకుంటోంది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. పని మానేసే ముందు మూడు నెలలు మా బావే దగ్గరుండి ఆవిడకి పని నేర్పాడు. ఆసుపత్రికి వెళ్ళకముందు సంగతి అది. చీర మీద తొడుక్కున్న చొక్కా కాలరులో, చేతుల్లోపల, కొంగు మడతల్లో గొట్టం పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని తిరుగుతోంది. వాలు ఎండలో పొడి అంతా లేచి ఆవిడ మొహం కనిపించడం లేదు. మా అక్క బకెట్టు అందుకోబోయి ఆగిపోయింది. ఏం చేస్తున్నావమ్మా అని అడిగింది.

ఆవిడ గొట్టం ఆపి, మా అక్కని గుర్తుపట్టి నవ్వింది.

"పెద్దాయన నేర్పించారమ్మా. ఇంట్లో పిల్లలకి అంటకూడదంటే ఇలా ఊదుకుని వెళ్ళాలని. ఆయన రోజూ ఇలాగే వచ్చేవారంట కదా, మీకు ఇల్లు శుభ్రంగా ఉండాలని."

మా అక్క గోడ మీది బోర్డు చదివింది. ఆ పొడి నేలకి దిగేదాకా చూసింది. ఇన్నాళ్ళూ ఊరందరినీ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికిన మనిషి మొహం ఎలా ఉంటుందో నేను చూశాను, మళ్ళీ చూడాలని లేదు. నా వైపు తిరిగింది.

"ఆయనకి తెలుసా?"

తెలుసన్నాను. నీకూ తెలుసా అని అడగలేదు. గొట్టం చేతికిచ్చింది నేనే అక్కా అని నేనే చెప్పాను. గడువు దాటిపోయిన కాగితం గురించి కూడా చెప్పాను. ఆవిడ విన్నదో లేదో తెలియదు. కొత్తావిడ దగ్గరికి వెళ్ళి చేతిలోంచి గొట్టం తీసుకుని మేకుకి తగిలించింది. ఇంక దాన్ని ముట్టుకోవద్దని, ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకుని, బట్టలు ఇక్కడే మార్చుకుని, విప్పినవి సంచిలో మూట కట్టి తీసుకెళ్ళి నీళ్ళల్లో పడేయమని చెప్పింది. ఇంటికి మరక వస్తే రానీ, మరక ఉతికితే పోతుంది అంది. కొత్తావిడ బోర్డు వైపు చూపించి, మరి ఓనరు గారు రాయించారు కదమ్మా అని నసిగింది. మా అక్క ఆ బోర్డు పీకి, గోడకి ఆనించి, రాసిన వైపు లోపలికి తిప్పి పెట్టింది.

దారిలో బకెట్టు తనే మోసింది. స్టూలూ బ్రష్షులూ నేను పట్టుకున్నాను. ఇంటికి వెళ్ళేసరికి మా బావ లేడు. వీధి చివరిదాకా నడవమని డాక్టరమ్మ చెప్పింది, ఆ నడకకి వెళ్ళాడు. మా అక్క బకెట్టు మంచం పక్కన పెట్టి, గోడ మీద పోస్టరు వంక చూస్తూ కూర్చుంది. నేను కుర్చీలో కూర్చున్నాను.

కాసేపటికి వాకిట్లో చెప్పుల చప్పుడైంది. మా బావ గుమ్మం బయట ఆగాడు. ఒంటి మీద ఉతికిన తెల్లచొక్కా. రెండు నెలలుగా ఏ చక్రమూ ముట్టుకోలేదు. అయినా అలవాటు చొప్పున భుజాలు, జేబులు, ప్యాంటు మడతలు దులుపుకోవడం మొదలుపెట్టాడు.

"దులుపుకోకండి" అంది మా అక్క. "అలాగే లోపలికి రండి."

ఆయన చెయ్యి జేబు మీదే ఆగిపోయింది. బకెట్టు వంక చూశాడు, నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి మా బావ దులుపుకోకుండా గడప దాటాడు. గడప నుంచి మంచం దాకా నాలుగడుగులు, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.